అరవై మూడు చెలకలు

మోదుగులగుంపులో కరెంటు పోయి అప్పటికి రెండు రోజులు. తొలకరి అంటే ఎవరికైనా సంబరమే గానీ, ఈ ఏడు అది వస్తూ వస్తూనే రెండు స్తంభాలు పడగొట్టింది, పినపాక దారిలో వాగును ఒడ్డు దాటించింది. వాగుకి ఇవతల అరవై చిల్లర ఇళ్ళు. ఆ ఇళ్ళ వెనక గుట్ట. ఆ గుట్ట మీద ఒకే ఒక్క బండ దగ్గర ఫోనుకు టవర్ అందుతుంది. పొద్దున తొమ్మిదిన్నర నుంచి వనజ ఆ బండ మీదే లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. చినుకులు పడకుండా ఊరి పెద్ద, పటేలు పగిడయ్య ఆమె నెత్తి మీద ప్లాస్టిక్ పట్టా పట్టుకుని నిలబడ్డాడు. డెబ్బై ఏళ్ళ మనిషి. కూర్చో తాతా అంటే వినడు.

కోయ గూడేన్ని అక్కడ గుంపు అంటారు. వనజ ఈ గుంపు పిల్లే. భద్రాచలంలో డిగ్రీ చదివి, ఖమ్మంలో ఒక చిన్న స్వచ్ఛంద సంస్థలో కంప్యూటర్ పనికి కుదిరింది. అడవి అంచున పోడు కొట్టుకుని బతికేవాళ్ళకు హక్కు పత్రం రావాలంటే, ఆ చెలకలో, అంటే ఆ మెట్ట చేలో, ఏళ్ళుగా సేద్యం జరుగుతోందని రుజువు చూపాలి. చెలక చుట్టూ జీపీఎస్ పట్టుకు నడిచి గీసిన హద్దును పాత ఉపగ్రహ ఫోటోలతో పోల్చి, ఆ రుజువు తయారుచేసే ప్రోగ్రాం ఒకటి సంస్థ దగ్గర ఉంది. అది ఖమ్మంలో, ఖానాపురం హవేలిలోని ఆఫీసులో, పెద్ద కంప్యూటర్ మీద నడుస్తుంది. వనజ ఇక్కడి నుంచి ఫోను నెట్ మీద అందులోకి లాగిన్ అయి, తెర మీద తెరుచుకునే నల్ల కిటికీలో ఒక్క వరుస టైపు చేసి దాన్ని నడిపించింది. ఒక్కో చెలకకు ఏడు నిమిషాలు. మొత్తం అరవై మూడు అర్జీలు. అన్నీ అయ్యాక ఆ ప్రోగ్రామే వాటిని మూటగట్టి, అర్జీలు తీసుకునే వెబ్‌సైటుకు పంపుతుంది. అందుకు ఇంకో నాలుగు నిమిషాలు.

గడువు ఆ సాయంత్రం అయిదు గంటలు. అర్జీ చేరని చెలకల్లో అటవీ శాఖ వాళ్ళు ఈ వానలకే మొక్కలు నాటతారు, చుట్టూ కందకం తవ్వుతారు. ఆ తర్వాత అందులోకి నాగలి పోదు.

లెక్క ప్రకారం నాలుగూ యాభై అయిదుకు పని ముగియాలి. అంటే అయిదు నిమిషాల ఎడం. బుద్ధున్నవాళ్ళెవరైనా అయిదు నిమిషాల ఎడంతో ఊరి బతుకు పెట్టుకుంటారా అని మీరు అడగొచ్చు. అడగండి, తప్పేం లేదు. కాకపోతే ఆ పిల్ల నిన్న పొద్దుగూకేదాకా మోకాలి లోతు బురదలో చెలక చెలకా తిరిగి హద్దులు నడుస్తూనే ఉంది. కూర్చుని మాట్లాడేవాళ్ళకేం, ఎన్నైనా మాట్లాడతారు.

జాబితా వేసింది కూడా వనజే. అందులో మొదటి పేరు ఊరి చివర గుడిసెలో ఒంటరిగా ఉండే ముసలమ్మది. చివరి అయిదు పేర్లూ వనజ ఇంటివి: తల్లి ముత్తక్క, అన్న గోపాలు, మేనత్త గంగక్క, ఇద్దరు చిన్నాయనలు. పంచే చెయ్యి ఆఖరున తినాలని ఆ గుంపు కట్టుబాటు. వేట మాంసమైనా, పండుగనాటి కల్లైనా, వాటాలు వేసినవాడు తన వాటా చివర తీసుకుంటాడు. మిగలకపోతే నోరు మూసుకుని లేచిపోతాడు. పొద్దున జాబితా చదివి వినిపించినప్పుడు పగిడయ్య తృప్తిగా తల ఊపాడు.

"మంచిగ రాసినవ్ బిడ్డా. సదువుకున్నా పద్ధతి మరువలే."

ముత్తక్క నవ్వింది. "వడ్డించేది మన పిల్లయినంక కడబంతిల కూసుంటే ఏంది నష్టం?" అంది. వాళ్ళలో వాళ్ళు మాట్లాడుకునేది కోయమాటే, నేను నాకొచ్చిన తెలుగులో చెబుతున్నాను.

పన్నెండూ యాభైకి లాప్‌టాప్ తెర మూలన పద్నాలుగు శాతం అని ఎర్రగా వెలిగింది.  ఆఫీసులో ఎప్పుడూ కరెంటుకు తగిలించి ఉండే లాప్‌టాప్ అది. ఇన్ని గంటలు బ్యాటరీ మీద నడపాల్సి వస్తుందని ఆమె అనుకోలేదు. ఆమెకు తెలిసిన ముక్క ఒక్కటే. ఆఫీసులో ఎప్పుడు నల్ల కిటికీ మూసినా అందులో నడుస్తున్న ప్రోగ్రాం కూడా చచ్చేది. ఇప్పుడు లాప్‌టాప్ ఆరిపోతే కిటికీ పోతుంది. కిటికీ పోతే అక్కడ ఖమ్మంలో ముప్పై చెలకల దాకా అయిన పని పోతుంది. ఎందుకంటే ఆ ప్రోగ్రాం మధ్యలో ఎక్కడా రాసిపెట్టుకోదు, మూట కట్టేదాకా అంతా బుర్రలోనే మోస్తుంది. మళ్ళీ మొదటి నుంచి నడపడానికి పొద్దు లేదు.

ఆ ప్రోగ్రాం రాసింది వెంకటేశ్వరరావు. సంస్థలో కంప్యూటర్లకు పెద్ద. ఆయన ఆ రోజు మేనకోడలి పెళ్ళికని దమ్మపేటలో ఉన్నాడు, చేతిలో ఫోను తప్ప ఏమీ లేదు. ఆయన మొదటి రింగుకే ఎత్తాడు. వెనక సన్నాయి హోరు.

"గట్టిగ చెప్పు వనజా, ఏం వినపడతలేదు!"

చెప్పింది. అరిచి చెప్పింది.

"ఓర్నీ! కిటికీకి కట్టేసి నడిపినవా దాన్ని? సరే, ఇప్పుడు తిట్టుకుని లాభం లేదు. విను. ఆ కిటికీలో నీ మాట వినేదాన్ని షెల్ అంటరు. నువ్వు మొదలుపెట్టిన పని దానికి బిడ్డ లెక్క. లైన్ తెగిందంటే షెల్ పోతూ పోతూ దాని బిడ్డలందరికీ ఒక కబురు పంపుతది. లైన్ తెగింది, ఇగ చాలించండి అని. ఆ కబురు అందిందా, మన ప్రోగ్రాం ఖతం. అది అందకుండ చెయ్యాలె. మూడే మెట్లు. ముందు కంట్రోల్ పట్టుకొని జెడ్ కొట్టు. పని ఆగుతది, చావదు. కొట్టినవా?"

కొట్టింది. తెర మీద ఒకటో నంబరు పని ఆగింది అని ఒక వరుస పడింది.

"ఆగిందని వచ్చింది సార్."

"శభాష్. ఇప్పుడు..."

సన్నాయి ఒక్కసారిగా పైకి లేచింది. "బావగారూ! బుట్ట, బుట్ట! ముహూర్తం మించిపోతాంది!" అని ఎవరో అరిచారు.

"వనజా, ఒక్క అయిదు నిమిషాలు. మేనమామను నేను, పెళ్ళికూతురు బుట్ట నేనే మొయ్యాలె. వచ్చి చేస్తా. అప్పటిదాకా దేన్నీ ముట్టకు. ఏం కొట్టకు."

ఫోను పెట్టేశాడు. అప్పుడు టైము సరిగ్గా ఒంటిగంట.

పెళ్ళివారి అయిదు నిమిషాలు ఎంతసేపుంటాయో మీకు నేను చెప్పాలా? ఒంటిగంటా పదయింది. ఒంటిగంటా పదిహేనయింది. వనజ ఫోను మీద ఫోను చేసింది. రింగు వెళ్తోంది, ఎత్తే నాథుడు లేడు. ఖమ్మంలో ప్రోగ్రాం చావకుండా, బతకకుండా ఆగి ఉంది. ముప్పై చెలకలు బుర్రలో పెట్టుకుని ముప్పై ఒకటో చెలక గడప మీద ఆగి ఉంది. గడియారం మాత్రం ఆగలేదు.

నెట్‌లో వెతికింది. పేజీ సగం తెరుచుకుని, సగం తెల్లగా మిగిలింది. ఆ సగంలో ఒకడు ఎఫ్, జీ కొడితే ఆగిన పని లేచి నడుస్తుందని రాశాడు. నిజమే రాశాడు మహానుభావుడు! ఆ రెండక్షరాలు కొట్టి ఎంటర్ నొక్కితే చాలు, ఆగిన చోటి నుంచే మళ్ళీ సాగేది. కానీ కింద ఇంకొకడు ఇంకేదో రాశాడు, మూడోవాడు వాళ్ళిద్దరినీ తిట్టాడు. వనజ వేలు ఎఫ్ మీద దాకా వెళ్ళింది. సార్ ముట్టకు అన్నాడు. పెద్దవాళ్ళు ముట్టకు అన్నది ముట్టని ఇంట్లో పెరిగింది. విత్తనాల బుట్టైనా, వేల్పు గుడిలో కుండైనా, పెద్దాయన చెయ్యి పడేదాకా ఎవరూ తాకరు. అదే మర్యాద, అదే భయం. వేలు వెనక్కి తీసుకుంది.

అయ్యో పిల్లా, అక్కడే కదా కొంప మునిగింది.

ఒంటిగంటా ముప్పై ఎనిమిదికి ఫోను మోగింది.

"తాళి కట్టేదాకా కదలనియ్యలే అమ్మా, ఫోను మా తమ్ముడి జేబుల ఉండిపోయింది. నడుస్తాంది గదా?"

"ఆగే ఉంది సార్. మీరు ముట్టకు అన్నరు."

 బ్యాండు ఒక్కటే వినపడింది.

"అన్న," అన్నాడాయన చివరికి. "నేనే అన్న. నా నోరు పడిపోను. సరే, కొట్టు, బీజీ. కొట్టినవా? ఇగ అది వెనక నడుస్తది. ఇప్పుడు డిజోన్ అని కొట్టు. ఇది నా బిడ్డ కాదు అని షెల్ చేత ఒప్పించినట్టు. ఇప్పుడు లైన్ తెగినా దానికి కబురు పోదు. నువ్వు లాప్‌టాప్ బందు పెట్టినా అది బతికే ఉంటది."

కొట్టింది. పని మళ్ళీ కదిలింది. వనజ వేళ్ళ మీద లెక్క వేసింది. మిగిలినవి ముప్పై మూడు. ఏడేసి నిమిషాలు. మూట పోవడంతో కలిపి అయిదూ ముప్పై మూడు.

"సార్, అయిదు దాటుతది."

"ఎరుకే."

"మిగిలినవి ఇంకో కిటికీల పక్కన నడపొచ్చా?"

"ఆ మిషన్ ఒక్కదాన్నే మొయ్యలేక మోస్తాంది తల్లీ. రెండోది ఎక్కిస్తే రెండూ కూలబడతయ్. ఒక్కటే దారి ఉంది. కిల్ అని ఉంటది..."

"ఆఫీసుల ఏదన్న బిగుసుకపోతే కిల్ మైనస్ తొమ్మిది కొడ్తం గదా సార్."

"ఆ తొమ్మిది కొట్టినవంటే సచ్చినమే! అది గొంతు మీద కత్తి, ప్రోగ్రాంకు ఊపిరి తీసుకునే సందు కూడ ఇయ్యదు. తొమ్మిది కాదు, టర్మ్ అని పంపాలె. అది మర్యాదగ, ఇగ ముగించు అని చెప్పే కబురు. అదొస్తే ఏం జెయ్యాలో ప్రోగ్రాంల నేను రాసిపెట్టిన. చేతిల ఉన్న చెలక ముగించి, అప్పటిదాకా అయినవన్నీ మూటగట్టి పంపి, అప్పుడు కన్ను మూస్తది. నాలుగూ యాభైకి పంపినవనుకో, యాభై ఎనిమిది అర్జీలు చేరతయ్."

"మిగిలిన అయిదు?"

"చేరవు." ఆయన గొంతు తగ్గింది. "పంపకుండ ఊకున్నవంటే అరవై మూడూ చేరవు. నువ్వే చెయ్యాలె వనజా. నా చేతిల ఫోన్ తప్ప ఏం లేదు."

ఆ అయిదూ ఎవరివని ఆయన అడగలేదు. ఆమె చెప్పలేదు.

తొమ్మిది శాతం మీద లాప్‌టాప్ ఆపేసి మూసింది. అప్పుడే అంబలి పట్టుకుని గుట్టెక్కి వచ్చి, పక్కనే బండకు చేరగిలబడిన ముత్తక్క అడిగింది. "అయిందా బిడ్డా?"

"నడుస్తాంది అమ్మా."

అబద్ధం కాదు కదా. నడుస్తూనే ఉంది.

ముత్తక్క సత్తుగిన్నె మూత తీసి అంబలి పోసింది. వనజ తాగింది.  తల్లి మాత్రం ఆ రోజు మాటల జోరులో ఉంది. ఏడాది పొడుగునా నాలుగు మాటలు మాట్లాడని మనిషి, సరిగ్గా ఆ మూడు గంటలే దొరికాయి ఆమెకు. ఈసారి పై చెలకలో పత్తి పెట్టనంది. కందులు, నడుమ జొన్న. కింది వారన నువ్వులు. పత్రం చేతికొస్తే ఇక రాత్రుళ్ళు ఎవరు వస్తారో అని ఉలిక్కిపడే పని లేదంది. ఆ చెలకలోంచి తనూ, చచ్చిపోయిన మొగుడూ కలిసి ఏరిన రాళ్ళతో మూడు గుట్టలయ్యాయని, మూడో గుట్ట పోసే నాటికి వనజ కడుపులో ఉందని చెప్పింది. వనజ తల వంచుకుని విన్నది.  ఏడవడానికి కూడా వీల్లేదు, ఏడిస్తే అడుగుతారు.

మధ్యలో పక్కకి వెళ్ళి వెబ్‌సైటు వాళ్ళ సహాయం నంబరుకు ఎనిమిది సార్లు ఫోను చేసింది. ఆదివారం. తియ్యటి గొంతు ఒకటి, పని దినాల్లో సంప్రదించమని ఎనిమిది సార్లూ అంతే తియ్యగా చెప్పింది. ఆ గొంతును పట్టుకుని ఈ బురదలో ఒకసారి ఈడ్చాలనిపించింది వనజకు. తర్వాత ఊళ్ళో ఉన్న దేవతలందరికీ మొక్కింది. సమ్మక్కకు మొక్కింది, ఇంటి వేల్పుకు మొక్కింది. ఆఖరికి భద్రాద్రి రాముడికి కూడా మొక్కింది, ఆయన మాకు చుట్టమా పక్కమా అనుకుంటూనే.

నాలుగు కొట్టేసరికి ఆ ఆలోచన వచ్చింది.

వచ్చాక ఇక పోలేదు. మట్టిలో పుల్లతో గీసి చూసుకుంది. నాలుగూ పదికి ముగించు అని కబురు పంపితే, యాభై రెండు అర్జీలు మూటగట్టుకు వెళ్ళిపోతాయి. అప్పుడు మిషన్ ఖాళీ. తన ఇంటివి అయిదే పెట్టి నడిపితే ముప్పై అయిదు నిమిషాలు. నాలుగూ యాభై అయిదుకు రెండో మూట కూడా చేరుతుంది. ఇంటి చెలకలన్నీ దక్కుతాయి. బయట మిగిలేవి యాభై మూడు నుంచి యాభై ఎనిమిది దాకా. ఆరు. అయిదు బదులు ఆరు, అంతే తేడా.

ఎవరికి తెలుస్తుంది? సార్‌కు కూడా తెలియదు. కంప్యూటర్ ఆగిపోయింది, ఏం చేస్తాం అంటే ఊరు ఊరంతా నమ్ముతుంది. నీ పాపం కాదు బిడ్డా అని తిరిగి తననే ఓదారుస్తారు. కాగితం మీద జాబితా తీసి యాభై మూడో పేరు చూసింది. పగిడయ్య. చూడకపోయినా బాగుండేది.

ఆ పగిడయ్య ఆమె నెత్తి మీదే పట్టా పట్టుకుని ఉన్నాడు. పొద్దుటి నుంచి ఎత్తి ఉంచిన చేతులు వణుకుతున్నాయి. లాప్‌టాప్ మూసే ఉంది, ఇప్పుడు పట్టా అక్కర్లేదని చెప్పినా దించలేదు.

"తాతా, కూసో. నీ పుణ్యముంటది."

"నాకేమైతాంది బిడ్డా. నువ్వు తడిస్తే మా రాత తడుస్తది."

మండిపోయింది వనజకు. ఈ ముసలాయన తిట్టినా బాగుండు. జాబితాలో కింద రాశావేమని పోట్లాడినా బాగుండు. నాలుగూ ఏడు. ఎనిమిది. మాకేం రోగం, మేమెందుకు ఆఖరున తినాలి, ఎవడు పెట్టాడీ పద్ధతి అని లోపల లోపల తిట్టుకుంది. నాలుగూ తొమ్మిది. లాప్‌టాప్ మూత మీద రెండు చేతులూ పెట్టింది. లేపితే చాలు. తల్లి మొహం చూసింది. ముత్తక్క గిన్నె తుడుచుకుంటూ నువ్వుల విత్తనం ఎవరింట్లో ఉంటుందో ఆలోచిస్తోంది. వనజ ఫోను వైపు చూస్తూ ఉండిపోయింది. అంకె పది అయింది. పది పదకొండు అయింది. తర్వాత అది పన్నెండు కూడా అయింది. చేతులు మూత మీదే ఉన్నాయి.

నాలుగూ నలభైకి తెరిచింది. లాగిన్ అయింది. నడుస్తున్న పనులు చూపమని జాబ్స్ అని కొట్టింది.

ఏమీ రాలేదు. ఖాళీ వరుస.

చచ్చిపోయిందా? ఎప్పుడు చచ్చింది?  మళ్ళీ కొట్టింది, మళ్ళీ ఖాళీ. ఫోను చేస్తే వెంకటేశ్వరరావు ఈసారి వెంటనే ఎత్తాడు.

"కొత్త కిటికీ గదమ్మా ఇది! దీని కడుపున పుట్టింది కాదు, దీనికెట్ల ఎరుకుంటది? మొత్తం మిషన్ల అడుగు. పీఎస్ కొట్టి పేరు పెట్టి వెతుకు."

వెతికింది. ఉంది. నాలుగు వేల నూట ఇరవై ఏడో నంబరు మీద ప్రాణాలతో ఉంది. తన పని తాను చేసుకుంటూ, ఎన్ని అయ్యాయో లెక్క మాత్రం రాసే ఫైలులో యాభై ఆరు ముగిసింది అని ఇప్పుడే రాసింది. వనజకు ఏడుపొచ్చింది. ఆ నిమిషంలో ఖమ్మంలో ఉన్న ఆ యంత్రం తప్ప తన పక్షాన ఎవరూ లేనట్టు అనిపించింది.

"నాలుగూ యాభై. మర్చిపోకు. నంబరు రెండుసార్లు చూసుకో," అన్నాడాయన.

కిల్, మైనస్ టర్మ్, నంబరు. టైపు చేసి, ఒక్కో అంకె చదువుకుంది. ఇంకా ఎంటర్ నొక్కలేదు. నాలుగూ నలభై ఏడుకు యాభై ఏడోది ముగిసింది. యాభై ఎనిమిదోది మొదలైంది. బ్యాటరీ అయిదు శాతం.

ముత్తక్క జరిగి తెర దగ్గరికొచ్చింది. చదువు రాదు గానీ అంకెలు గుర్తుపడుతుంది. "మనది వచ్చిందా?"

"ఇంకా రాలే అమ్మా."

"వస్తది తీ. తొందరేముంది."

నాలుగూ యాభై. వనజ ఎంటర్ నొక్కింది.

తెర ఏమీ అనలేదు. ఆ కబురు పంపితే తెర ఏమీ అనదు. కర్సర్ ఒక్కటే కొట్టుకుంటూ ఉంది. అందిందో లేదో, పొరపాటున కత్తి దించిందో, నాలుగు నిమిషాలు చూస్తూనే ఉంది. తర్వాత ఫైలులో ఒక్కో వరుస పడింది. ముగించమన్నారు. యాభై ఎనిమిది ముగిసింది. మూట కడుతున్నాను. పంపుతున్నాను. నాలుగూ యాభై ఎనిమిదికి, చేరింది, అర్జీలు యాభై ఎనిమిది అని పడింది. పీఎస్ కొట్టి చూసింది. నాలుగు వేల నూట ఇరవై ఏడు ఇక లేదు.

ఫోను మోగింది.

"చేరినయ్ వనజా! నా ఫోనుకు మెసేజ్ వచ్చింది! యాభై ఎనిమిది ఇళ్ళు నిలబెట్టినవ్ తల్లీ, నీ కడుపు చల్లగుండ!" వెనక విస్తళ్ళు వేయమని ఎవరో కేకలు. ఆయన గొంతు మళ్ళీ తగ్గింది. "ఆ అయిదుగురి సంగతే మనసుల ముల్లు లెక్క ఉంది. తప్పు నాది. వాళ్ళకు నువ్వు చెప్పకు. ఊళ్ళో నిన్నే అంటరు. మీ పెద్దాయనతోని చెప్పించు."

"వద్దు సార్. నేనే చెప్త. వాళ్ళు మా ఇంటోళ్ళే."

"ఎవరు?"

"ఆ అయిదూ సార్. మా అమ్మది, మా అన్నది. అందరివీ."

 వనజ ఫోను పెట్టేసింది. లాప్‌టాప్ అప్పటికే ఆరిపోయింది.

వనజ ఫోనులో తెలుగులో మాట్లాడినా, పగిడయ్యలా కాదు, ముత్తక్కకు అర్థమవుతుంది. సంతకు పోయే మనిషి. గిన్నె మూత చేతిలోనే పట్టుకుని కూతురి వైపు చూసింది.

"మనది పోలేదా?"

"పోలేదమ్మా. ఊరందరివీ పోయినయ్. మనింటివి అయిదూ పోలే. మధ్యల ఆగింది గదా, అప్పుడే పోయింది టైము."

"నీకెప్పుడు ఎరుక?"

"నువ్వు అంబలి పోసేటప్పటికే ఎరుక."

ముత్తక్క చెయ్యి లేచింది. కూతురి వీపు మీద ఒక్క దెబ్బ వేసింది, ఇంకొకటి వేసింది. మూడోది వేయలేక అదే వీపు మీద మొహం పెట్టి బావురుమంది. "కందులంటి, నువ్వులంటి, పిచ్చిదాని లెక్క వాగితి గదనే! నోరు ముయ్యమని ఒక్క మాట అనకపోతివి! నన్నడగకపోతివి!"

"అడిగితే సరే, ఊరోళ్ళవే పంపు అందువు. అది నీ నోట వినే ధైర్యం లేకపోయిందమ్మా."

పగిడయ్య చేతుల్లోంచి పట్టా జారి బండ మీద పడింది. ఆయన మెల్లగా కూలబడ్డాడు. "నాది ఎన్నో నంబరు బిడ్డా?" అని అడిగాడు. వనజ చెప్పింది. ఆయన వేళ్ళు ముడుచుకుంటూ ఏదో లెక్కపెట్టాడు. లెక్క తేలిందో లేదో, ముత్తక్క మొహంలోకి మాత్రం చూడలేకపోయాడు. "నా చెలకల సగం దున్నుకో ముత్తక్కా," అన్నాడు.

"నీ పిల్లలేం తినాలె పటేలా?" అంది ముత్తక్క ఏడుపులోనే. 

చాలాసేపటికి ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది. గిన్నె మీద మూత పెట్టి లేచి నిలబడింది. గుట్ట మీద నుంచి చూస్తే దూరంగా, అడవి మొదలయ్యే చోట, వాళ్ళ చెలక, ఎర్రగా తడిసిన చిన్న ముక్క, కనపడుతోంది.

"లే," అంది. "ఎలుతురుండగనే ఒకసారి చూసొద్దాం. అన్ననీ, అత్తనీ అక్కడికే పిలువు. వాళ్ళకు నేను చెప్త."

వనజ లేచి లాప్‌టాప్ సంచిలో పెట్టుకుంది. తల్లి అప్పటికే గుట్ట దిగుతోంది, ఈమె వెనకే నడిచింది.